పెన్నులకూ ఒక అడంగల్ కావాలి

సంపాదకులవారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో ఇంకు పెన్నులు సేకరించేవారి గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. పెట్టెల్లో వరుసగా పేర్చిన పెన్నుల ఫొటోలు కంటికి పండుగలా ఉన్నాయి. వాటిని పోగుచేసినవారి ఓపికకు నా అభినందనలు. అయితే ఆ వ్యాసంలో మాట్లాడినవారందరూ తమ దగ్గర ఎన్ని పెన్నులున్నాయో చెప్పారు గాని, ఈ నెల వాటిలో వేటితో రాశారో, ఏ పెన్నులో ఏ ఇంకు ఎప్పుడు పోశారో, ఏది ఎప్పుడు మరమ్మతుకు వెళ్లి వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. అది వారి తప్పని నేననను; కొన్నేళ్ల కిందటి దాకా నేనూ అంతే. పెన్నులు దాచుకునేవారు వాటి లెక్కలు కూడా దాచుకోవాలనీ, ఆ లెక్కలను బొమ్మగా గీసి చూసుకోవాలనీ, మన రాజమహేంద్రవరం చేతి పెన్నుల విషయంలో ఈ పని ఇంకా ఆలస్యం చేయరాదనీ నా అనుభవం మీద విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం. పొడవు ఎక్కువైతే మన్నించండి.

నేను డిగ్రీ కళాశాలలో సంఖ్యాశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి, అమలాపురంలో ఉంటున్నాను. మా నాన్నగారు కోనసీమలో ఒక గ్రామానికి కరణం. 1984 జనవరిలో ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసేదాకా ఆ ఊరి భూముల లెక్కలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. నా సేకరణలో మొదటి పెన్ను ఆయనదే: రాజమహేంద్రవరంలో కొన్న నల్లని రత్నం పెన్ను, డ్రాపరుతో ఇంకు పోసుకునేది. దానితో కలిపి ఇప్పుడు నా దగ్గర 47 పెన్నులున్నాయి. రాజమహేంద్రవరంలో లేత్ మీద తిప్పి చేసినవి 14, హైదరాబాద్ ఆబిడ్స్‌లోని డెక్కన్ పెన్ స్టోర్స్‌లో కొన్నవాటితో సహా తక్కిన దేశీయ పెన్నులు 16, విదేశీ పెన్నులు 17.

ఈ లెక్క ఎలా రాయాలన్న ఆలోచన నాకు మా నాన్నగారి అడంగల్ నుంచే వచ్చింది. ఏ భూమిలో ఎవరు ఏం పండిస్తున్నారో ఏటా రాసే ఊరి లెక్క అది. తెలంగాణ పాఠకులు దానినే పహాణీ అంటారు. అందులో సర్వే నంబరు మారదు. ఆ నంబరు భూమి ఎంత విస్తీర్ణమో, పట్టాదారు ఎవరో, సాగు చేస్తున్నది ఎవరో, నీరు ఎక్కడినుంచి వస్తుందో, ఆ ఏడు ఏ పంట వేశారో ఎదురుగా రాస్తారు. పంట లేకపోతే బీడు అని రాస్తారు. పదేళ్ల అడంగళ్లు పక్కపక్కన పెడితే ఏ భూమి చెక్క ఎప్పుడు పండిందో, ఏది ఎన్నేళ్లు బీడు పడిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. పెన్ను కూడా అలాంటిదే కదా అనిపించింది. పెన్ను ఒక సర్వే నంబరు, అందులో పోసిన ఇంకు ఒక పంట, ఖాళీగా పెట్టెలో పడున్న నెల ఒక బీడు. నాన్నగారి లెక్కలు ఫసలీ (భూమి లెక్కలకు వాడే సంవత్సరం) ప్రకారం జూలై 1న మొదలయ్యేవి కాబట్టి నేనూ 2019 జూలై 1న, అంటే ఫసలీ 1429 మొదటి రోజున, నా పెన్నుల లెక్క మొదలుపెట్టాను.

మొదట్లో ఒకే పుస్తకంలో అన్నీ రాయబోయి గందరగోళం చేసుకున్నాను. పెన్నులో ఇంకు మార్చిన ప్రతిసారీ తయారీదారు పేరు, పాళీ వెడల్పు, కొన్న తేదీ, వెల మళ్లీ మళ్లీ రాయవలసి వచ్చేది. రాసిన ప్రతిసారీ ఏదో ఒకటి తేడా పడేది. పాతకాలపు వ్యాపారులు చిట్టా (రోజువారీ లెక్క) వేరుగా, ఆవర్జా (ఖాతాలవారీ లెక్క) వేరుగా ఎందుకు ఉంచేవారో అప్పుడు నాకు బాగా అర్థమైంది. ఇప్పుడు నాకు మూడు పట్టికలున్నాయి. ఒకదానిలో పెన్నుకు ఒక్క వరుస: దాని సంఖ్య, తయారీదారు, ఏ పదార్థంతో చేశారు, ఇంకు నింపే పద్ధతి డ్రాపరా కన్వర్టరా (లోపల అమర్చి ఇంకు పీల్చే చిన్న గొట్టం), పాళీ సన్నమా మధ్యరకమా, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నది. రెండోదానిలో ఇంకు సీసాకు ఒక్క వరుస. మూడోది చిట్టా: ఇంకు పోసిన ప్రతిసారీ ఒక వరుస, అందులో పెన్ను సంఖ్య, ఇంకు సంఖ్య, పోసిన తేదీ, కడిగిన తేదీ, చివర రిమార్కు. బొమ్మలన్నీ పుట్టేది ఈ మూడోదాని నుంచే. చాలామంది మొదటి పట్టిక రాసి పని పూర్తయిందనుకుంటారు. అది ఆస్తి జాబితా మాత్రమే, దానిలో కాలం అనేది లేదు.

పాత కాగితాల నుంచి సమాచారం ఎక్కించేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో నాన్నగారి పెన్ను ఒక్కటే నాకు నేర్పింది. ఆయన సొంత ఖర్చుల పుస్తకంలో ఆ పెన్ను వెల 7-8-0 అని, కొన్నది దుర్ముఖి శ్రావణంలో అని ఉంది. మా మనవరాలు దానిని ఏడు రూపాయల ఎనభై పైసలుగా కంప్యూటర్లో ఎక్కించింది. ఆ పిల్ల అణాలను చూసి ఎరగదు. రూపాయికి పదహారు అణాలు కాబట్టి ఎనిమిది అణాలంటే అర్ధ రూపాయి. ఆ వెల 7.50. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న గనుక అంతకుముందు కాగితం ఏదైనా ఇలా విప్పి చదువుకోవలసిందే. ఇక దుర్ముఖి సంగతి. అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది. 1956-57 కూడా దుర్ముఖే, 2016-17 కూడా దుర్ముఖే. వెల అణాల్లో ఉండటం వల్ల అది 1956 అని నిర్ధారణ అయింది గాని, వెల రాయని కాగితమైతే రేపు మనవల కాలంలో ఎవరు తేల్చగలరు? అందుకని తెలుగు సంవత్సరం, తిథి రాసుకునే అలవాటున్నవారు పక్కనే ఇంగ్లిషు తేదీ కూడా పూర్తిగా రాయాలని నా మనవి.

కంప్యూటరు తేదీలు ఇంకో రకంగా మోసగించాయి. నేను 03/04 అని రాస్తే నా ఉద్దేశంలో అది ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో అమర్చి ఉన్న స్ప్రెడ్‌షీట్ దానిని మార్చి 4గా తీసుకుంది. 25/04 లాంటివి దానికి తేదీలుగానే కనబడక ఉత్త అక్షరాలుగా మిగిలిపోయాయి. మొదటి బొమ్మ గీసినప్పుడు మూడు పెన్నులు ఇంకు పోయకముందే కడిగినట్టు తేలడంతో తప్పు దొరికింది. బొమ్మ గీయకపోతే ఆ తప్పు అలాగే ఉండిపోయేది. అంకెల వరుసలో కన్ను పట్టుకోలేని పొరపాటు బొమ్మలో కొట్టొచ్చినట్టు కనబడుతుందని తరగతిలో ముప్పై ఏళ్లు చెప్పాను గాని, నా సొంత పెన్నుల విషయంలో అది రుజువైనప్పుడు కలిగిన సంతోషం వేరు. ఇప్పుడు సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో నాలుగంకెల సంవత్సరంతోనే రాస్తున్నాను. పేర్ల విషయంలోనూ అంతే: రత్నం అని ఒకచోట, రత్నము అని ఒకచోట, ఇంగ్లిషు లిపిలో ఒకచోట రాసిన పాపానికి కంప్యూటరు ఒక తయారీదారును ముగ్గురుగా లెక్కపెట్టింది. అలాగని తొందరపడి అన్నీ కలిపేస్తే రత్నం, రత్నంసన్ అనే రెండు వేర్వేరు పేర్ల పెన్నులు ఒకటైపోతాయి. ఏది ఏదో తెలిసిన మనిషి కూర్చుని చూడవలసిన పని ఇది.

బొమ్మల సంగతికి వస్తాను. అందరిలాగే నేనూ ముందు వృత్తాన్ని ముక్కలుగా కోసి, ఏ తయారీదారువి ఎన్ని పెన్నులో చూపించాను. ఇరవైకి పైగా సన్నని ముక్కలతో అది రంగుల ముగ్గులా వచ్చింది. ఏ ముక్క పెద్దదో పోల్చడానికి కూడా వీల్లేని ఆ బొమ్మ నాకు ముందే తెలిసిన విషయాన్ని తప్ప మరేమీ చెప్పలేదు. తరువాత కమ్మీ చిత్రం గీశాను. ఒక్కో పెన్ను ఎన్ని రోజులు ఇంకుతో ఉందో ఒక్కో కమ్మీ. అది కొంత నయం. పొడవును పొడవుతో పోల్చడం కంటికి తేలిక. కానీ ఎప్పుడు అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. చివరికి అడంగల్ పద్ధతికే వచ్చాను: అడ్డువరుసకు ఒక పెన్ను, నిలువువరుసకు ఒక నెల, ఆ నెలలో ఇంకు ఉంటే గడి నింపాలి, లేకపోతే ఖాళీగా వదలాలి. చిన్నపిల్లల లెక్కల పుస్తకాల్లో చదరపు గడులుంటాయి చూడండి, ఆ కాగితం దీనికి సరిగ్గా సరిపోయింది. గడిని పెన్సిలుతో నింపకుండా, ఆ నెల ఆ పెన్నులో ఉన్న అసలు ఇంకునే అగ్గిపుల్లకు అద్ది పూశాను. కామెల్ నీలం, బ్రిల్ నలుపు, సులేఖ ఎరుపు అన్నీ తమ తమ రంగులతోనే ఆ కాగితం మీద కూర్చున్నాయి. కంప్యూటరు తెర మీద ఏ ఇంకు రంగూ ఉన్నదున్నట్టు రాదు. కాగితం మీద రాయడానికి పుట్టిన రంగును కాగితం మీదనే చూడాలి.

2025 జూన్ నాటికి ఆరేళ్లు, అంటే 72 నెలలు నిండాయి. 47 పెన్నులకు 3,384 గడులు. వాటిలో నిండినవి 612. సగటున నెలకు ఎనిమిదిన్నర పెన్నులు. ఎవరైనా అడిగితే పదిహేను పెన్నులు వంతులవారీగా వాడుతుంటానని నేను నమ్మకంగా చెప్పేవాణ్ని. అబద్ధం చెప్పాలని కాదు, నా మనసులో లెక్క అదే. పదకొండు వరుసలు ఆరేళ్లూ తెల్లగానే ఉన్నాయి. నన్ను అన్నిటికన్నా కలత పెట్టింది మొదటి వరుస. నాన్నగారి పెన్నుతోనే రాస్తుంటానని నేను నలుగురికీ చెప్పుకునే మనిషిని. ఆ వరుసలో నిండిన గడులు 72లో 9. తక్కినదంతా బీడు.

ఎందుకిలా జరిగిందో కూడా చిట్టాయే చెప్పింది. ఆ పెన్ను ఎదురుగా రిమార్కు గడిలో ‘కక్కింది’ అన్న మాట పదేపదే ఉంది. డ్రాపరుతో నింపే పెన్నులు వాడినవారికి ఈ మాట కొత్త కాదు: రాస్తూ రాస్తూ ఉండగా పాళీ నుంచి ఒక్కసారిగా ఇంకు బొట్టు జారి కాగితం పాడవుతుంది. నాకు తెలియకుండానే నేను ఆ పెన్నుకు భయపడి పక్కన పెట్టాను. అది పాతదైపోయిందని, నాలుక (పాళీకి ఇంకు అందించే భాగం) అరిగిపోయిందని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. 2022 నుంచి బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి బల్ల మీద ఉంచుకున్నాను. ఖాళీ పెన్ను బరువు ముందే రాసి ఉంచుకుంటే, ఏ క్షణంలో తూచినా లోపల ఎంత ఇంకు మిగిలిందో తెలుస్తుంది; ఇంకు దాదాపు నీళ్లే కాబట్టి ఒక మిల్లీలీటరు ఒక గ్రాముగా లెక్క వేసుకోవచ్చు. డ్రాపరు పెన్ను ఏది కక్కినా వెంటనే తుడిచి తూచి రాసేవాణ్ని. మూడేళ్లలో అలాంటివి 31 నమోదయ్యాయి. వాటిని చుక్కలుగా గీసినప్పుడు 24 చుక్కలు ఒకే మూల గుంపుగా పడ్డాయి: గొట్టంలో మూడోవంతు కన్నా తక్కువ ఇంకు మిగిలినప్పుడు.

నింపిన పెన్నును నేను మామూలుగా అడుగంటేదాకా వాడేవాణ్ని గనుక, ప్రతి నింపుడులోనూ చివరి మూడోవంతు ఇంకుతో జరిగే రాత మొత్తం రాతలో సుమారు మూడోవంతే. మచ్చలు ఎప్పుడు పడతాయన్నది కేవలం యాదృచ్ఛికమైతే 31లో పది పదకొండు ఆ భాగంలో పడాలి, 24 పడ్డాయి. నెలలవారీగా చూస్తే 17 మచ్చలు ఏప్రిల్, మే, జూన్‌లలోనే ఉన్నాయి. వేసవిలో నేను డ్రాపరు పెన్నులు తక్కువగా వాడానని గడుల కాగితం చూపిస్తోంది కాబట్టి, వాడిన రోజులతో భాగించి చూస్తే వేసవి తేడా ఇంకా పెద్దదవుతుంది. ఇది ఒక్క మనిషి చేతిరాత లెక్క, అంకెలు చిన్నవి. దీని మీద గట్టి సిద్ధాంతాలు కట్టరాదని నాకు తెలుసు. అయినా కారణం పాఠశాల భౌతికశాస్త్రంలోనే ఉంది. ఇంకు తగ్గేకొద్దీ గొట్టంలో గాలి చోటు పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును పాళీ వైపు తోస్తుంది. గాలి ఎంత ఎక్కువ ఉంటే తోపు అంత ఎక్కువ. పెన్నులో దోషం ఏమీ లేదు, నేను నింపే పద్ధతిలోనే ఉంది. అప్పటినుంచి సగానికి దిగగానే మళ్లీ నింపుతున్నాను, రాయనప్పుడు పాళీ పైకి ఉండేలా నిలబెడుతున్నాను. 2025 జూలై నుంచి నాన్నగారి వరుసలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఈ ఉత్తరం చిత్తుప్రతి రాసింది కూడా ఆ పెన్నుతోనే.

అదే త్రాసు ఇంకో సంగతి పట్టించింది. ఒకే చేతి పనితనంలో వచ్చిన రెండు ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) పెన్నులను నింపి, మూత బిగించి, నెల రోజులు ముట్టుకోకుండా ఉంచి వారం వారం తూచాను. ఒకటి 0.2 గ్రాములు తగ్గింది, రెండోది 0.9 గ్రాములు. రెండు గీతల వాలు చూడగానే రెండోదాని మూత మరలు అరిగి గాలి తీస్తోందని తేలింది. రాజమహేంద్రవరంలో పెన్నులు చేసే ఒక పెద్దాయన దగ్గరకు ఆ బొమ్మతో సహా తీసుకెళ్తే, ఆయన దానిని శ్రద్ధగా చూసి కొత్త మూత తిప్పి ఇచ్చారు. పాళీ తరచూ ఎండిపోతోందని చెప్పినప్పుడు పాళీ మార్చమన్నవారే ఎక్కువ. తూకం చూపించిన తరువాత ఆ మాట ఎవరూ అనలేదు.

రంగుల గురించి రెండు హెచ్చరికలు చేయాలి. అసలు ఇంకుతో గడులు నింపడం అందంగా ఉంటుంది గాని, నీళ్లకు చెరిగిపోయే రకం నీలం ఇంకులు ఎండకు వెలిసిపోతాయి. కిటికీ పక్క గోడకు తగిలించిన మొదటి ఏడాది కాగితంలో చాలా నీలపు గడులు బూడిదరంగుకు తిరిగాయి. పెట్టెలో ఉంచిన నకలు మాత్రం అలాగే ఉంది. మరొకటి, మా బావమరిదికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. నా కాగితం చూపించినప్పుడు సగం సంగతి ఆయనకు కనబడలేదు. ఆనాటి నుంచి ప్రతి గడిలో రంగుతోపాటు ఇంకు సంఖ్య కూడా రాస్తున్నాను. రంగు పోయినా అంకె మిగులుతుంది.

వెలల బొమ్మ గురించి ఎక్కువ చెప్పను. 1956 నాటి ఏడున్నర రూపాయలనూ నిన్నమొన్న ఇచ్చిన వేల రూపాయలనూ ఒకే గీత మీద పెట్టి పోల్చడం తగదు. కొన్న వెలను, ఇప్పుడు అమ్మితే వస్తుందని మనం ఊహించుకునే వెలను ఒకే గడిలో కలపడం అంతకన్నా తగదు. మొదటిది లెక్క, రెండోది ఆశ.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న విషయం. నా దగ్గర ఒక పార్కర్ 51 ఉంది. దాని గొట్టం మీద 6 అనే అంకె, పక్కన చుక్క ఉన్నాయి. ఆ కాలంలో పార్కర్ కంపెనీ పెన్ను తయారైన సంవత్సరం చివరి అంకెను, ఏ త్రైమాసికమో తెలిపే చుక్కలను గొట్టం మీదే వేసేది. పార్కర్ 51 అమెరికా బజారులోకి వచ్చింది 1941లో గనుక ఆ ఆరు 1936 కాజాలదు, 1946 అయి ఉండవచ్చు. ఎక్కడో అమెరికాలో తయారై, ఎన్ని చేతులు మారి అమలాపురం చేరిన పెన్ను పుట్టుక ఇంత దగ్గరగా తెలుస్తోంది. మన గోదావరి ఒడ్డున, మనవాళ్ల చేతుల్లో రూపుదిద్దుకున్న పెన్నుల సంగతి చూడండి. నా దగ్గరున్న 14 రాజమహేంద్రవరం పెన్నుల్లో ఒక్కదాని మీదా తయారైన తేదీ లేదు. రసీదో, ఇంటి ఖర్చుల పుస్తకమో ఉండటం వల్ల కొన్న సంవత్సరం కచ్చితంగా చెప్పగలిగినవి ఆరు మాత్రమే. తక్కిన ఎనిమిదింటికి నా జ్ఞాపకమే ఆధారం. జ్ఞాపకం ఎంత నమ్మదగినదో పైన చెప్పాను.

ఇది చిన్న చరిత్ర కాదు. కె.వి.రత్నం గారు రాజమహేంద్రవరంలో 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. స్వదేశీ వస్తువుల కోసం గాంధీజీ పిలుపునిచ్చిన రోజులవి. రత్నం గారు చేసిన పెన్నును మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో ఆయనకు ఉత్తరం రాశారు. ఆ ఊళ్లోనే గైడర్ పెన్నులు కూడా దేశం నలుమూలలకూ పేరు తెచ్చుకున్నాయి. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద పట్టి, మూతకూ గొట్టానికీ మరలు తీసి, పాళీని, నాలుకను చేత్తో సరిపెట్టి ఒక్కో పెన్నూ చేసే ఈ పనిలో రెండు పెన్నులు అచ్చంగా ఒక్కలా ఉండవు. ఏ కాలంలో ఏ ఆకారం మూత వచ్చింది, పాళీ మీద ఏ అక్షరాలు చెక్కారు, ఏ ఏడు వెల ఎంత, ఎలాంటివారు కొన్నారు అన్న వివరాలు ఒకచోట చేరితే తేదీ లేని పెన్నులకు కూడా తేదీ కట్టవచ్చు. కొన్న సంవత్సరం కచ్చితంగా తెలిసిన పెన్నులను కాలక్రమంలో ఒక గీత మీద పేర్చి, మూత ఆకారం, చెక్కుడు అక్షరాలు కిందుగా గుర్తిస్తే చాలు. తెలియని పెన్ను ఆ గీత మీద ఎక్కడ ఇముడుతుందో కనబడుతుంది. నా ఆరు పెన్నులతో అలాంటి గీత గీసి చూశాను. ఆరు చుక్కల మధ్య పెద్ద పెద్ద ఖాళీలున్నాయి. అరవై చుక్కలుంటే అది పనికొచ్చే కొలబద్ద అవుతుంది. ఆ తక్కిన చుక్కలు మీ పాఠకుల బీరువాల్లో, పాత ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. రాతపనిచేసిన తరం వెళ్లిపోతోంది. ఆ పెన్ను ఎప్పుడు కొన్నారో చెప్పగలిగే తాతగారు, అమ్మమ్మగారు లేకుండా పోయిన రోజున పెన్ను మిగిలినా దాని కథ మిగలదు.

ఎక్కడ రాసుకోవాలన్నదానికి ఒక మాట. తొలి రెండేళ్ల చిట్టాను నేను ఫోనులోని ఒక యాప్‌లో రాశాను. ఒకరోజు ఆ యాప్ తెరుచుకోవడం మానేసింది; నడిపేవారు దానిని ఆపేశారని తరువాత తెలిసింది. నెలనెలా గడుల కాగితం మీద పూసిన ఇంకే నన్ను కాపాడింది. దానిని చూసి రెండేళ్ల చిట్టాను తిరిగి కట్టుకున్నాను, కానీ రిమార్కులు చాలావరకు పోయాయి. యాప్‌లు వద్దనను. నెలకొకసారి మొత్తం సమాచారాన్ని సాదా పట్టికగా దించుకుని, ఒక ప్రతి కాగితం మీద అచ్చు వేసి ఉంచుకోండి. ఆ కాగితానికి ఇంకు నిలిచేదై ఉండాలని మళ్లీ చెప్పనక్కర్లేదు.

సంపాదకులవారికి నా విన్నపం ఇది. మీ ఆదివారం అనుబంధంలో అర పేజీ స్థలం కేటాయించి, రాజమహేంద్రవరం చేతి పెన్నులున్న పాఠకులు నింపి పంపడానికి ఒక ఖాళీ పట్టిక అచ్చు వేయండి. ఎక్కువ గడులు అక్కర్లేదు. పెన్ను మీద, పాళీ మీద చెక్కి ఉన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా. మూత తీసి, మూత పెట్టి కొలిచిన పొడవు మిల్లీమీటర్లలో. గొట్టం నలుపా, చారలదా, ఆకుపచ్చా. కొన్న సంవత్సరం, దానికి ఆధారం రసీదా, డైరీయా, జ్ఞాపకమా. వెల అప్పటి నాణేల్లోనే, అణాలైతే అణాలుగానే. ఎవరు ఏ పనికి వాడారు. ఆధారం ఏమిటన్న గడి మాత్రం తప్పనిసరి. రసీదు ఉన్న తేదీకీ, గుర్తున్న తేదీకీ బొమ్మలో వేరు వేరు గుర్తులు వేయాలి కదా. ఇళ్ల చిరునామాలు, ఫోను నంబర్లు అడగవద్దు; పెన్ను వివరాలు చాలు. వచ్చిన పట్టికల నకళ్లను రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయంలో ఉంచే ఏర్పాటు చేయగలిగితే, పెన్నులు పుట్టిన ఊళ్లోనే వాటి అడంగల్ కూడా ఉంటుంది.

మొదటి పట్టికగా నా 14 పెన్నుల వివరాలు ఈ ఉత్తరంతో జతపరిచాను. తేదీకి రసీదో పుస్తకమో ఉన్న ఆరింటిని నల్ల ఇంకుతో, జ్ఞాపకం మీద రాసిన ఎనిమిదింటిని నీలం ఇంకుతో రాశాను. వచ్చిన పట్టికలను సరిచూసి, అణాలు విప్పి, పేర్లు కలపవలసినవి కలిపి, విడదీయవలసినవి విడదీసి, కాలక్రమం బొమ్మ గీసే పని నేను ఉచితంగా చేసిపెడతాను. మా మనవరాలు కంప్యూటరు పని చూసుకుంటానంది. దుర్ముఖి అంటే ఏ ఏడో ఇప్పుడు ఆ పిల్లకు తెలుసు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత సంఖ్యాశాస్త్ర ఉపన్యాసకుడు,
అమలాపురం.